ఎలుక కణాలు చెప్పిన మాటకు కుష్ఠు సాక్ష్యం

వరంగల్‌లో ఎంఫార్మసీ గానీ బయోటెక్నాలజీ గానీ చదివే పిల్లల్ని ఎవరినడిగినా ఎంటీటీ పరీక్ష గురించి చెబుతారు. 96 గుంతలున్న చిన్న ప్లాస్టిక్ ప్లేటు. ఒక్కో గుంతలో కొన్ని వేల కణాలు. వాటి మీద పసుపు రంగు ద్రావణం వేసి కొన్ని గంటలు ఆగితే, బతికున్న కణాలు ఆ పసుపును ఊదా రంగు స్ఫటికాలుగా మార్చేస్తాయి. చచ్చిన కణాలకు ఆ శక్తి ఉండదు కాబట్టి ఆ గుంత పసుపుగానే ఉండిపోతుంది. స్ఫటికాలను కరిగించి, రంగు ఎంత చిక్కగా ఉందో మిషన్‌లో చూస్తే ఎన్ని కణాలు బతికాయో అంచనా దొరుకుతుంది. ఫలానా ఆకు రసం కేన్సర్ కణాలను చంపుతోందని థీసిస్‌లో రాయాలంటే ముందు ఈ మెట్టు ఎక్కాల్సిందే. ఈ పరీక్ష కనిపెట్టిందెవరు అంటే మాత్రం చాలామంది తల గోక్కుంటారు. రిఫరెన్సుల్లో ఆ పేరు తామే టైపు చేసి ఉంటారు: మాస్మన్, 1983.

టిమ్ మాస్మన్ ఇమ్యునాలజిస్టు, అంటే ఒంటి రోగనిరోధక శక్తిని చదివే శాస్త్రవేత్త. అప్పట్లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో డీనాక్స్ అనే పరిశోధన సంస్థలో పనిచేసేవారు. మన ఒంట్లోని రక్షణ కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి కొన్ని ప్రొటీన్లను వదులుతాయి. వాటినే సైటోకైన్లు అంటున్నాం. ఒక ద్రవంలో అవి ఎంత ఉన్నాయో తెలియాలంటే, ఆ ద్రవం తగిలినప్పుడు వేరే కణాలు ఎంత పెరుగుతున్నాయో చూడాలి. అప్పటిదాకా దానికి, పెరిగే కణాలు తమ డీఎన్‌ఏలో కలుపుకునే థైమిడిన్‌ను రేడియోధార్మికంగా చేసి వాడేవాళ్లు. కణాలను వడగట్టాలి, రేడియోధార్మికతను లెక్కపెట్టాలి, మిగిలిన చెత్తను జాగ్రత్తగా వదిలించుకోవాలి. మాస్మన్ ఈ తంటానంతా ఒక రంగు మార్పుకు కుదించారు. ఆయనొక్కరే రాసిన ఆ పేపరును తర్వాతి పరిశోధకులు పదుల వేల సార్లు ఉదహరించారు.

ఉదహరింపుల లెక్కతో శాస్త్రవేత్తను తూచే అలవాటు మన యూనివర్సిటీల్లో బాగా ముదిరింది. ఆ లెక్కన చూస్తే మాస్మన్ అంటే ఎంటీటీయే. నా మటుకు నాకు అది ఆయన చేతిలో పనిముట్టు మాత్రమే అనిపిస్తుంది. అసలు పని మూడేళ్ల తర్వాత వచ్చింది: ఎలుకల్లో మిగతా రక్షణ కణాలకు పని చెప్పే కణాలు రెండు రకాలని. అది మనుషుల విషయంలోనూ నిజమేనని గట్టిగా చెప్పిన సాక్ష్యం మాత్రం ఉత్తర తెలంగాణకు బాగా తెలిసిన ఒక జబ్బు నుంచి దొరికింది.

నిజామాబాద్ నుంచి హైదరాబాద్ వచ్చే దారిలో డిచ్‌పల్లి తగులుతుంది. ఇప్పటి పిల్లలకు అది తెలంగాణ యూనివర్సిటీ ఉన్న చోటు. పెద్దవాళ్లకు డిచ్‌పల్లి అంటే కుష్ఠు దవాఖాన. ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ, ఆమె భర్త జార్జ్ కెర్ 1910ల్లో దాన్ని మొదలుపెడితే, నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్ విరాళమిచ్చి నిలబెట్టారు. అప్పటికున్న మందల్లా చాల్మూగ్రా గింజల నూనె. దాన్ని సూదితో ఎక్కించేవాళ్లు. జబ్బు పేరు కూడా పలకకుండా పెద్దరోగం అని గొంతు తగ్గించి చెప్పుకునే రోజులవి.

అలాంటి దవాఖానలో కొన్నాళ్లు పనిచేసిన డాక్టరెవరికైనా ఒక అనుమానం వచ్చి తీరుతుంది. ఒకరికి జబ్బ మీద ఒకే ఒక పాలిపోయిన మచ్చ. అంచులు గీసినట్టు స్పష్టంగా ఉంటాయి, అక్కడ చెమట పట్టదు, స్పర్శ ఉండదు. ఆ మచ్చలోంచి చిన్న ముక్క కోసి మైక్రోస్కోపు కింద పెడితే బాక్టీరియా కోసం వెతుక్కోవాలి. ఇంకొకరికి చెవులు దళసరెక్కి, కనుబొమలు రాలి, ముఖమంతా బుడిపెలు. వారి చర్మంలో గ్రాముకు వంద కోట్లకు పైగా బాక్టీరియా ఉండొచ్చు. ఇద్దరిలో ఉన్నదీ 1873లో నార్వేలో హాన్సెన్ గుర్తించిన అదే క్రిమి. అది విషం ఏదీ వదలదు. రెండుగా చీలడానికే దాదాపు రెండు వారాలు తీసుకునే మహా బద్ధకస్తురాలు. నూటికి తొంభై అయిదు మందిలో ఏ హానీ చేయకుండానే పోతుంది. మరి ఈ తేడా ఎక్కడిది?

క్రిమిలో లేకపోతే మనిషిలో ఉండాలి. రిడ్లీ, జాప్లింగ్ అనే ఇద్దరు డాక్టర్లు 1966లో ఆ మాటనే ఒక వర్గీకరణగా రాశారు. ఒక కొసన ఒంటి మచ్చ రకం, మరో కొసన ఒళ్లంతా పాకే రకం, మధ్యలో మరో మూడు మెట్లు. మెట్టు ఏదన్నది రోగి నిరోధక శక్తి తీరును బట్టి ఉంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒళ్లంతా పాకిన రోగిలో నిరోధక శక్తి నిద్రపోవడం లేదు. రక్తంలో ఆ క్రిమికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుష్కలంగా ఉంటాయి, మచ్చ రోగి కంటే ఎక్కువే. అయినా అవి పనికిరావు. ఎందుకంటే ఈ బాక్టీరియా ముఖ్యంగా ఉండేది రక్తంలో కాదు. మాక్రోఫేజ్‌లనే భక్షక కణాల లోపల, నరాల తొడుగు కణాల లోపల దాక్కుంటుంది. యాంటీబాడీకి అక్కడ ప్రవేశం లేదు.

ఇక 1986కు వద్దాం. జర్నల్ ఆఫ్ ఇమ్యునాలజీలో మాస్మన్, రాబర్ట్ కాఫ్‌మన్, మరో ముగ్గురు కలిసి ఒక పేపరు రాశారు. విషయం ఎలుకల సహాయక టీ కణాలు. సహాయక టీ కణం రక్షణ కణాల్లో మేస్త్రీ లాంటిది. తాను ఇటుక ఎత్తదు, ఎవరేం చేయాలో చెబుతుంది. అప్పటిదాకా మేస్త్రీలంతా ఒకటే రకమని చాలామంది అనుకునేవారు. వీళ్లు ఒక్కో టీ కణాన్ని విడిగా పెంచి, దాని సంతానం ఏయే సైటోకైన్లు వదులుతోందో వరుసగా కొలిచారు. ఫలితాలు రెండు కుప్పలుగా విడిపోయాయి. ఒక రకం ఇంటర్‌ఫెరాన్ గామా, ఇంటర్‌ల్యూకిన్-2 వదులుతోంది. రెండో రకం ఇంటర్‌ల్యూకిన్-4 వదులుతోంది. మొదటిదానికి టీహెచ్1 అని, రెండోదానికి టీహెచ్2 అని పేరు పెట్టారు. ఇంతకంటే నిరాడంబరమైన పేర్లు ఉండవేమో.

ఇంటర్‌ఫెరాన్ గామా అందుకున్న మాక్రోఫేజ్ తన కడుపులో దాగిన బాక్టీరియాను చంపగలుగుతుంది. ఇంటర్‌ల్యూకిన్-4 యాంటీబాడీల తయారీని, ముఖ్యంగా ఎలర్జీల్లో కనబడే ఐజీఈ రకాన్ని ప్రోత్సహిస్తుంది. కణాల దాడి ఎక్కువగా ఉన్నచోట యాంటీబాడీలు తగ్గుతాయని, అవి పెరిగితే ఇది తగ్గుతుందని 1972లోనే పారిష్, ల్యూ గమనించారు. ఎందుకలా అన్నదానికి ఇప్పుడు ఒక కారణం కనబడింది. 1989లో మాస్మన్ బృందం ఇంకో అడుగు వేసింది. టీహెచ్2 కణాలు వదిలే ఒక పదార్థం టీహెచ్1 కణాల చేత సైటోకైన్లు తయారు కానివ్వకుండా ఆపుతోందని చూపించింది. దాన్నే ఇప్పుడు ఇంటర్‌ల్యూకిన్-10 అంటున్నాం. అంటే ఒక దారి పట్టిన శరీరం రెండో దారిని తానే మూసేసుకుంటుంది.

అదే ఏడాది లీష్మానియా పరాన్నజీవి మీద పనిచేసేవాళ్లకూ ఇదే కనబడింది. ఒక జాతి ఎలుకలు ఇంటర్‌ఫెరాన్ గామా దారి పట్టి బతికాయి. మరో జాతి ఇంటర్‌ల్యూకిన్-4 దారి పట్టి చచ్చాయి. బాగానే ఉంది కానీ ఎలుకలు ఎలుకలే. ప్రయోగశాలలో అన్నీ ఒకే అచ్చులో పుట్టినవి. మనుషుల టీ కణాలను గాజు పాత్రలో పెంచితే ఇంత శుభ్రంగా రెండు రకాలు విడిపోవడం లేదని, ఇదంతా ఎలుకల ముచ్చటేనని పెదవి విరిచినవాళ్లు ఉన్నారు.

వాళ్లకు జవాబు 1991లో సైన్స్ పత్రికలో వచ్చింది. యమమురా, రాబర్ట్ మాడ్లిన్, బ్యారీ బ్లూమ్, వాళ్ల సహచరులు కుష్ఠు రోగుల మచ్చల నుంచి చిన్న చర్మపు ముక్కలు తీసుకున్నారు. అప్పటికి కొత్తగా చేతికొచ్చిన పీసీఆర్‌తో, అంటే జన్యు పదార్థాన్ని లెక్కలేనన్ని నకళ్లు తీసి గుర్తుపట్టే పద్ధతితో, ఆ చర్మంలో ఏయే సైటోకైన్ల తయారీ జరుగుతోందో వెతికారు. ఒంటి మచ్చ రకంలో ఇంటర్‌ఫెరాన్ గామా, ఇంటర్‌ల్యూకిన్-2. ఒళ్లంతా పాకిన రకంలో ఇంటర్‌ల్యూకిన్-4, 5, 10. ఎలుక కణాల్లో కనబడిన రెండు కుప్పలు మనిషి చర్మంలో, ఒకే జబ్బు రెండు కొసల్లో బయటపడ్డాయి. మరే జబ్బూ ఇంత చక్కగా ఈ ప్రశ్నకు జవాబివ్వగలిగేది కాదు. చర్మం మీదే ఉంటుంది కాబట్టి కోసి చూడటం సులువు. ఒకే క్రిమి కాబట్టి తేడా మనిషిదేనని తేల్చడం తేలిక. ఊళ్లు బయటకు తరిమిన రోగుల ఒంటి నుంచి ఇమ్యునాలజీ పాఠ్యపుస్తకంలోకి ఒక అధ్యాయం వచ్చింది. ఈ సంగతి పుస్తకాల్లో ఒక్క వాక్యానికి మించి ఉండదు, నాకు అదే బాధ.

టీహెచ్1 మంచిది, టీహెచ్2 చెడ్డది అనుకోవడం తేలిక. కుష్ఠు దాన్నీ ఒప్పుకోదు. సర్వేకొచ్చిన ఆశా వర్కర్ మచ్చ కనబడగానే ఏం చేస్తుందో చూడండి. "కండ్లు మూసుకో పెద్దమ్మా, నేను ఏడ ముట్టిస్తే ఆడ వేలు పెట్టు" అంటుంది. బాల్‌పెన్ను మొనతో ముందు మామూలు చర్మం మీద తాకిస్తుంది. పెద్దమ్మ వేలు సరిగ్గా అక్కడికే వెళుతుంది. తర్వాత మచ్చ మీద. వేలు కదలదు. "ముట్టిచ్చినవా బిడ్డా?" అని అడుగుతుంది. ఆ మచ్చలో క్రిములు నామమాత్రం. అక్కడి నరాన్ని చాలావరకు దెబ్బతీసింది ఆమె సొంత టీహెచ్1 కణాల దాడే. మందు వాడుతుండగానే ఒక్కోసారి ఈ దాడి ఉన్నట్టుండి ఉధృతమవుతుంది. మచ్చలు ఎర్రబడి ఉబ్బుతాయి, చేయి బిగుసుకుంటుంది. డాక్టర్లు దీన్ని రియాక్షన్ అంటారు. అప్పుడు ప్రెడ్నిసొలోన్ ఇచ్చి శరీరం దూకుడును తగ్గించాల్సి వస్తుంది. గోలీలతోనే జబ్బు ముదిరిందని భయపడి కోర్సు ఆపేసేవాళ్లు ఉంటారు. ఆపితే క్రిమి మిగులుతుంది. దవాఖానకు వెళ్లకపోతే నరం పోతుంది.

రెండు కుప్పల లెక్క కూడా అలాగే నిలిచిపోలేదు. దానికి మొదటి పెద్ద బీటలు పడ్డది డీనాక్స్‌లోనే. టీహెచ్1 వల్ల వస్తుందనుకున్న జబ్బు ఒకటి, ఒంటి రక్షణ కణాలే మెదడు మీద దాడి చేసేది, ఎలుకల్లో వేరే దారిన, ఇంటర్‌ల్యూకిన్-23 వల్ల వస్తోందని 2003లో అక్కడి పరిశోధకులు తేల్చారు. 2005 కల్లా టీహెచ్17 అనే మూడో రకం ఖాయమైంది. దూకుడును అదుపు చేసే నియంత్రక టీ కణాలను షిమోన్ సకగుచి 1995లోనే చూపించారు. ఆ దారిలో జరిగిన పనికి 2025లో ఆయనకు, మేరీ బ్రుంకోకు, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌కు నోబెల్ వచ్చింది. ఇంటర్‌ల్యూకిన్-10ని కూడా టీహెచ్2 ఒక్కటే కాదు, చాలా కణాలు తయారుచేస్తాయని తెలిసింది. ఇన్ని సవరణలు వచ్చాయంటే 1986 పేపరు తప్పని కాదు. టీ కణాల్లో రకాలున్నాయేమో అని అందరూ వెతకడం మొదలుపెట్టింది దాని తర్వాతే. వెతికినకొద్దీ మరిన్ని దొరికాయి.

మందుల షాపుదాకా వచ్చిన ఫలమూ ఉంది. ఇంటర్‌ల్యూకిన్-4, 13 కబుర్లను అడ్డుకునే డుపిలుమాబ్‌ను ముదిరిన ఎగ్జిమాకు 2017లో అమెరికా అనుమతించింది. తర్వాత ఆస్తమాకూ వాడుతున్నారు. టీహెచ్2 మీద జరిగిన పని లేకపోతే ఆ మందు ఊహకే వచ్చేది కాదు. (ఎనుమాముల యార్డులో మిర్చి బస్తాల మధ్య వచ్చే తుమ్ములకు ఇది పనిచేయదు. అది ఎలర్జీ కాదు, ఉత్త ఘాటు.)

మన దేశం 2005 డిసెంబరులో కుష్ఠును పదివేల మందిలో ఒకరి కంటే తక్కువకు దించింది. అయినా ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మనవే. పీహెచ్‌సీలో పీసీఆర్ ఉండదు, సైటోకైన్లు కొలిచే వీలుండదు. డాక్టరు మచ్చలు లెక్కపెడతారు. అయిదు, అంతకు లోపైతే ఆరు నెలల గోలీలు. ఆరు, ఆ పైనైతే పన్నెండు నెలలు. మచ్చలు తక్కువంటే ఆ ఒంట్లో చాలావరకు ఇంటర్‌ఫెరాన్ గామాదే పైచేయి. ఎక్కువయ్యేకొద్దీ రెండో దారి వైపు మొగ్గు.