మడ్డి పట్టిన పాత కారు ఇంజిన్: అపోహలు - వాస్తవాలు

చాలాకాలం ఆయిల్ మార్చకుండా నడిపిన కారుకి ఆయిల్ మూత తీస్తే లోపల నల్లగా మడ్డి కనిపిస్తుంది. చూసినవాళ్లు కంగారుపడి ఏదో ఒకటి పోసేస్తారు. మెకానిక్‌గా చెప్తున్నా, ఆ పోసిందే మడ్డి కంటే ఎక్కువ నష్టం చేసిన ఇంజిన్లు బోలెడు. తరచూ వినిపించే మాటలు, వాటిలో నిజమెంతో ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ఫ్లష్ (మడ్డిని కరిగించడానికి ఆయిల్‌లో కలిపే మందు) పోసి పది నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచితే మొత్తం కడిగేస్తుంది.

లోపల గోధుమరంగు పూత మాత్రమే ఉన్న ఇంజిన్‌లో ఫ్లష్ వాడితే పెద్ద ప్రమాదమేమీ లేదు. గరిటెతో తోడేంత మడ్డి ఉంటే మాత్రం కథ వేరు. హెడ్ (ఇంజిన్ పై భాగం) మీద గట్టిపడి కూర్చున్న మడ్డి కదలనంతసేపు ఇంజిన్ ఎలాగోలా నడుస్తుంది. అది పెచ్చులుగా ఊడి కింద ఆయిల్ నిలిచే చాంబర్‌లో పడితేనే అసలు ముప్పు, ఎందుకంటే అక్కడ ఆయిల్ పంపు పీల్చుకునే గొట్టం మూతికి ఒక స్ట్రైనర్ ఉంటుంది, అది ఫిల్టర్ కంటే ముందు ఉండే జల్లెడ, కాబట్టి "కొత్త ఫిల్టర్ వేశాం కదా" అనే ధైర్యం ఇక్కడ పనిచేయదు. స్ట్రైనర్ మూసుకుంటే ప్రెషర్ పడిపోతుంది, బేరింగులు పోతాయి. నడుచుకుంటూ వచ్చిన బండి ఫ్లష్ తర్వాత సీజ్ అయిందంటే, అంటే ఇంజిన్ బిగుసుకుపోయిందంటే, ముందు చూడాల్సింది ఈ స్ట్రైనర్‌నే.

డీజిలో కిరోసినో కలిపి తిప్పడం ఇంకా ఘోరం. ఆయిల్ పల్చబడి బేరింగుల దగ్గర పొర నిలవదు. అదంతా బయటికి రాదు కూడా, కొంత లోపలే మిగిలి కొత్త ఆయిల్‌లో కలుస్తుంది.

మరేం చేయాలి? ముందు మెకానికల్ గేజ్ పెట్టి ఆయిల్ ప్రెషర్, తర్వాత కంప్రెషన్ (సిలిండర్ లోపల గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటుందో) చూడండి. ఇంజిన్ వేడెక్కాక ప్రతి 1000 ఆర్‌పీఎంకి సుమారు 10 పీఎస్‌ఐ ఆయిల్ ప్రెషర్ ఉండాలన్నది పాత మోటు లెక్క, అసలు అంకె ఆ ఇంజిన్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ తర్వాత విప్పండి, అదీ కింది చాంబర్‌తో మొదలుపెట్టి. చాంబర్ అడుగున మెరిసే లోహపు రేకులు కనిపిస్తే బేరింగులు అరిగిపోయినట్టే, ఇక కడగడం దండగ, ఇంజిన్ బోరుకొచ్చిందని, అంటే మొత్తం విప్పి రిపేర్ చేయాల్సిందేనని ఓనర్‌కి అప్పుడే చెప్పేయడం మంచిది. రేకులు లేకపోతే స్ట్రైనర్ కడిగి, పైన హెడ్‌ని కప్పి ఉంచే ట్యాపెట్ కవర్ తీసి, ప్లాస్టిక్ లేదా చెక్క పుల్లతో మడ్డిని గీకి వ్యాక్యూమ్‌తో లాగేయాలి. హెడ్ నుంచి ఆయిల్ కిందికి దిగే రంధ్రాలు కచ్చితంగా తెరవాలి. అవి మూసుకుంటే ఆయిల్ పైనే నిలిచిపోతుంది, కింద పంపుకి కరువొస్తుంది, పైన వాల్వ్ సీల్స్ గుండా సిలిండర్‌లోకి దిగి కాలి పొగ వస్తుంది. చాంబర్ విప్పి ఉండగానే ఈ పని చేస్తే రాలిందంతా కింద ట్రేలో పడుతుంది, లేదంటే మళ్లీ స్ట్రైనర్ దగ్గరికే చేరుతుంది. ఇంజిన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే పీసీవీ వాల్వ్ కూడా మార్చేయండి. చాంబర్ బిగించేటప్పుడు సిలికాన్ పేస్ట్ సన్నగా రాయండి బాబూ, దట్టంగా పూస్తే లోపలికి పొంగి ఊడి ఆ ముక్కలే వెళ్లి స్ట్రైనర్‌కి అతుక్కుంటాయి.

ఇక మిగిలినదాన్ని ఆయిల్‌కే వదిలేయాలి. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ మంచి ఆయిల్ పోసి 500 కిలోమీటర్లకే తీసేయండి, పాత ఫిల్టర్‌ని కోసి లోపలేం చిక్కిందో చూడండి. తర్వాత 1500కి మరోసారి. ఆయిల్‌లో ఉండే డిటర్జెంట్లు నెమ్మదిగా కరిగిస్తాయి, ఇక్కడ కావాల్సింది ఆ నెమ్మదే.

అపోహ: డ్యాష్‌బోర్డ్ మీద ఆయిల్ ప్రెషర్ లైట్ వెలుగుతోందా? చిక్కటి ఆయిల్ పోస్తే సరి.

లైట్ ఆరిపోవచ్చు, శబ్దం తగ్గొచ్చు, కారు అమ్మేయడానికి అది చాలేమో కూడా. కానీ సగం మూసుకున్న స్ట్రైనర్ గుండా చిక్కటి ఆయిల్, అందులోనూ పొద్దున్నే చల్లటి ఇంజిన్‌లో, ఇంకా కష్టంగా కదులుతుంది. ఊపిరాడనివాడికి దుప్పటి కప్పినట్టే. చాలా కార్లలో ఆ లైట్ వెలిగేది ప్రెషర్ దాదాపు అడుగంటాకే, కాబట్టి వెలిగితే వెంటనే బండి పక్కకి తీసి ఇంజిన్ ఆపేయండి.

అపోహ: కొత్త ఆయిల్ పాత ఇంజిన్‌కి పడదు, లీకులు మొదలవుతాయి.

సగం నిజం. లీకు కనిపించొచ్చు, కానీ ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీల్ గట్టిపడి పగిలి చాలాకాలమై ఉంటుంది, ఇన్నాళ్లూ మడ్డి దాన్ని మూసి ఉంచిందంతే. సీల్ మార్చుకోండి.

అపోహ: ఆయిల్ నల్లబడితే మడ్డి పట్టినట్టే.

కాదు. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కూడా మసి వల్ల త్వరగా నల్లబడుతుంది. మూత కింద లేత గోధుమరంగు నురగ ఉంటే మాత్రం కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) లెవెల్ చూడండి. కూలెంట్ తగ్గుతూ, డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) మీద కూడా నురగ ఉంటే హెడ్ కింద ఉండే సీల్, అంటే హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించాలి. మూత కింద మాత్రమే ఉంటే ఎక్కువగా అది చిన్న ప్రయాణాల వల్ల పట్టిన తేమ.

అపోహ: తక్కువ తిరిగిన కారు, లోపల శుభ్రంగానే ఉంటుంది.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేవి ఇవే. రెండు మూడు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే కారులో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, లోపల చేరిన నీటి తేమా పెట్రోలూ ఆవిరైపోవు, ఆయిల్‌తో కలిసి మడ్డి కడతాయి. అందుకే మాన్యువల్‌లో కిలోమీటర్లతో పాటు నెలల లెక్క కూడా ఇస్తారు, ఏది ముందొస్తే అది.

తప్పంతా ఎప్పుడూ ఓనర్‌దే అనీ అనలేం. 1997 నుంచి 2002 దాకా వచ్చిన కొన్ని టయోటా మోడళ్లలో 3.0 లీటర్ల వీ6, 2.2 లీటర్ల ఇంజిన్లలో ఆయిల్ గడ్డకట్టే ఫిర్యాదులు బాగా వచ్చాయి. 2002లో కంపెనీ వాటికి 8 ఏళ్ల రిపేర్ కవరేజ్ ప్రకటించాల్సి వచ్చింది.

అపోహ: మడ్డి తీసేస్తే ఇంజిన్ మళ్లీ కొత్తదవుతుంది.

అరిగింది తిరిగి రాదు. సిలిండర్ గోడ మీది ఆయిల్‌ని గీకే పిస్టన్ ఆయిల్ రింగుల రంధ్రాలు కార్బన్‌తో మూసుకుపోయి ఉంటే పైన ఎంత తుడిచినా ఆయిల్ తాగుతూనే ఉంటుంది. మంచి ఆయిల్‌తో కొన్ని ఇంజిన్లు కొంత తేరుకుంటాయి, కొన్ని అసలు తేరుకోవు. ఇలాంటి కారుకి పెట్రోల్ కొట్టించిన ప్రతిసారీ డిప్‌స్టిక్ తీసి లెవెల్ చూసుకోవాల్సిందే.