గండి లెక్క

2021 నవంబరు 19 తెల్లవారుజామున కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. గేట్ల కింద పోయే నీటికి లెక్క ఉంటుంది సరే, గండిలోంచి దూకిన నీటికి లెక్క ఎలా కడతారని చాలామంది అడుగుతుంటారు.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లక్ష క్యూసెక్కులు గంటసేపు పారితే 0.36 టీఎంసీ. ముందు ఇది గుర్తుంచుకోండి. ఆ ప్రాజెక్టు నిల్వ 2.24 టీఎంసీలు, గేట్లన్నీ ఎత్తితే వదలగలిగేది 2.17 లక్షల క్యూసెక్కులు. వచ్చింది దాదాపు 3.2 లక్షలు. అంటే గంటకు 0.37 టీఎంసీ ఎటూ పోలేక పైకి లేస్తుంది. అయిదు గేట్లలో ఒకటి లేవలేదు కూడా. వదిలేదాంట్లో అయిదో వంతు తీసేస్తే ఆ మిగులు 0.53 అవుతుంది. ఇక నీళ్లు కట్టెక్కక ఏం చేస్తాయి?

అసలు తమాషా ఇక్కడ మొదలవుతుంది. కట్ట మీంచి పొర్లే నీటికి అలుగు సూత్రమే వాడతారు: లోతును దాని వర్గమూలంతో గుణించి, పొడవుతో, ఆపైన 1.7తో గుణించాలి. అన్నీ మీటర్లలో వేస్తే సెకనుకు ఘనపు మీటర్లు వస్తాయి. 35.3తో హెచ్చిస్తే క్యూసెక్కులు. లోతు రెండుసార్లు ఎందుకు? లోతు పెరిగితే నీటి మందం పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. క్లాసులో దీన్ని రాబట్టించి వదిలేస్తారు గానీ అంకెలు వేయించరు.

వేద్దాం. 300 మీటర్ల కట్ట అనుకోండి. దాని మీద 30 సెంటీమీటర్ల నీరు పొర్లితే సుమారు 3 వేల క్యూసెక్కులు. మీటరు లోతున పొర్లితే 18 వేలు. లక్షల్లో వచ్చే వరదకు ఇది ఏ మూలకు? కానీ ఆ పల్చటి పొరే కింది వాలు మీద జారి, అడుగున మట్టిని కోసి, మెట్టు మెట్టుగా పైకి తినుకుంటూ వస్తుంది. కట్ట ఎక్కడ జానెడు కుంగి ఉంటే అక్కడే మొదలు. ఆ మెట్టు కట్ట శిఖరాన్ని తినేసిన క్షణం నుంచి లోతు మీటరు కాదు, గండి అడుగుదాకా, 15 మీటర్లనుకోండి. గండి వెడల్పు 100 మీటర్లయితే అదే సూత్రం మూడున్నర లక్షల క్యూసెక్కులు చెబుతుంది! పొడవు మూడో వంతుకు తగ్గినా ప్రవాహం ఇరవై రెట్లకు దగ్గర. కట్టమైసమ్మకు కోపం వచ్చిందంటారు. కోపమంతా లోతు మీద ఉన్న ఆ ఒకటిన్నర ఘాతానిదే.

అయితే ఈ మూడున్నర లక్షలను యథాతథంగా నమ్మకూడదు. ఆ వేగంతో 2.24 టీఎంసీలు గంటా యాభై నిమిషాల్లోపే ఖాళీ. గండి పూర్తిగా తెరుచుకోవడానికే గంట పైన పడితే, ఈలోగా మట్టం దిగిపోతుంది, లోతు తగ్గుతుంది, శిఖర ప్రవాహం, అంటే గండిలోంచి పారే గరిష్ఠ ప్రవాహం, అంత దూరం పోదు. అందుకే నిల్వనూ చూడాలి. డేవిడ్ ఫ్రోలిక్ అనే ఇంజనీరు 1995లో, పగిలిన కట్టల వివరాల నుంచి ఈ శిఖర ప్రవాహానికి ఒక సూత్రం తీశారు: నిల్వను ఘనపు మీటర్లలో తీసుకుని 0.295 ఘాతం, నీటి ఎత్తును మీటర్లలో తీసుకుని 1.24 ఘాతం, రెంటినీ గుణించి 0.607తో హెచ్చించాలి. మన అంకెలకు (6.34 కోట్ల ఘనపు మీటర్లు, 15 మీటర్లు) సుమారు 1.23 లక్షల క్యూసెక్కులు. మూడున్నర ఎక్కడ, ఒకటింబావు ఎక్కడ! ఎత్తు 20 మీటర్లంటే 1.76 లక్షలకు లేస్తుంది. నిల్వలో పొరపాటు అంతగా దెబ్బతీయదు, ఎత్తులో పొరపాటు తీస్తుంది. కాబట్టి గండి అడుగు మట్టాన్ని జాగ్రత్తగా తేల్చుకోవాలి. గండి తెరుచుకునే సమయాన్ని అరగంట, గంట, రెండు గంటలుగా మార్చి మార్చి లెక్కించాలి.

ఇంకో మెలిక. ఫ్రోలిక్ అంకెలో ఉన్నది చెరువు నీరే. ఎండాకాలంలో ఊట పట్టి కట్ట తెగితే అంతే. వరదలో తెగితే, ఆ గంటలో ఎగువ నుంచి వస్తున్న ప్రవాహాన్నీ విడిగా కలుపుకోవాలి. ఎగువన, చెయ్యేరులో కలిసే పింఛా నది మీది పింఛా ప్రాజెక్టు కట్ట కూడా తెగింది కాబట్టి ఆ నీటినీ, అది దిగువకు చేరే సమయాన్నీ కలపాలి.