పచ్చి చింతకాయ తొక్క

అమ్ములూ,

జిమ్నాస్టిక్స్ క్లాసుకి లియోటార్డ్ తెచ్చుకోమన్నారనీ, దాన్ని తెలుగులో ఏమంటారనీ ఫోన్లో అడిగావు కదా. తెలుగులో దానికి పేరు లేదమ్మా. మనం కట్టని బట్టకి మనమెందుకు పేరు పెడతాం?

మన దొడ్లో చింతచెట్టు గుర్తుందిగా. పండిన కాయని చెవి దగ్గర ఊపితే గలగలమంటుంది. డొల్ల వేరు, గుజ్జు వేరు. మీ నాన్న జుబ్బా అలాంటిది. పచ్చికాయ తొక్కయితే గోటితో గీరినా ఊడిరాదు. కాయ ఎటు వంకర తిరిగితే తనూ అటే తిరుగుతుంది. లియోటార్డ్ అదే బాపతు. పైకీ కిందకీ రెండు ముక్కలుండవు, భుజాల నుంచి తొడల మొదలు దాకా ఒకటే బట్ట. కాకపోతే చింతకాయ తొక్క సాగదు, ఇది సాగుతుంది. కాయలో గింజలు కూడా ఉంటాయనుకో... సరే, చింతకాయని ఇక వదిలేద్దాం.

ఆ చెట్టు మీదే నా పరువు పోయింది. ఊళ్లోకి సర్కస్ వచ్చింది. ఉయ్యాల మీంచి ఉయ్యాలకి ఎగిరేవాళ్లని చూసొచ్చి, మర్నాడు కొమ్మ మీంచి కొమ్మకి దూకాను. మా అన్నయ్య వేసి వదిలేసిన నిక్కరు, నాకు బాగా వదులు. దాని కాల్లోకి మోడుకొమ్మ దూరింది. తలకిందులుగా వేలాడుతుంటే నాయనమ్మ వచ్చి, ముందు కడుపారా నవ్వి, ఆ తర్వాత దింపింది. పెద్దవాళ్లు పక్కన లేకుండా మీరు అలాంటి పనులు చెయ్యకండి.

ఫ్రాన్సులో తులూజ్ కుర్రాడు జూల్ లియోటార్డ్ నాకంటే తెలివైనవాడు. వాళ్ల నాన్నకి వ్యాయామశాల ఉండేది. ఈతకొలను మీద ఉయ్యాలలు కట్టుకుని సాధన చేశాడు, పడితే నీళ్లలోనే కదా. 1859 నవంబరు 12న పారిస్ సర్కస్‌లో ఒక ఉయ్యాల వదిలి గాల్లోనే ఇంకోటి అందుకున్నాడు. తాళ్లకి తగులుకోకుండా ఒంటికి అంటుకునే బట్ట వేసుకునేవాడు. ఆయన దాన్ని ‘మాయో’ అనేవాడు. 1870లో చనిపోయాడు. ఆ తర్వాతే బట్టకి ఆయన పేరొచ్చింది. పాపం, ఆయనకి తెలియనే తెలియదు.

కాళ్లు కనబడతాయని నీకు మొహమాటమైతే చీలమండల దాకా ఉండేదీ దొరుకుతుంది, యూనిటార్డ్ అంటారు. టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీ అమ్మాయిలు అదే వేసుకుని ఆడారు.

ఇప్పుడు అద్దం ముందు నిలబడి రెండు చేతులూ పైకెత్తు. చొక్కా అంచు ఎన్ని వేళ్లు పైకి లేచిందో కొలుచుకో. కొత్త బట్ట వచ్చాక దాంతోనూ ఎత్తి చూసి, నాకు ఫోన్ చెయ్యి.

మీ తాతయ్య