పాస్టరు ప్రసంగం అర్థమైంది ఐదుగురికే: వేల్స్ భాషా గొడవ వెనక 1766 నాటి కథ

బ్రిటన్‌లో ఇంగ్లండ్ పక్కనున్న వేల్స్‌లో ఉద్యోగ ప్రకటన కింద ‘వెల్ష్ వచ్చి ఉండాలి’ అని ఒక్క ముక్క కనిపిస్తే చాలు, పాత గొడవ మళ్లీ రాజుకుంటుంది. వెల్ష్ అంటే ఆ నేల సొంత భాష. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడ వెల్ష్ వచ్చినవాళ్లు 17.8 శాతం, అంటే సుమారు 5 లక్షల 38 వేల మంది. ఆ సంఖ్యను 2050 నాటికి పది లక్షలకు చేర్చాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. వాయవ్య వేల్స్‌లోని స్థానిక ప్రభుత్వమైన గ్వినెద్ కౌన్సిల్‌లోనైతే ఆఫీసు వ్యవహారాలు వెల్ష్‌లోనే నడుస్తాయి. ఇది పనితనం ఉన్నవాళ్లను గుమ్మం బయట నిలబెట్టడమే అని ఒక వర్గం అంటుంది. ఆ పని ఎవరి కోసం, చేసేవాడి కోసమా, చేయించుకునేవాళ్ల కోసమా అని రెండో వర్గం అడుగుతుంది.

ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది ఇంగ్లండ్‌లో వేల్స్‌ను కలిపేసిన 1536 చట్టం దగ్గర మొదలుపెట్టి, 1588లో వచ్చిన వెల్ష్ బైబిల్ మీదుగా నడుచుకుంటూ వస్తారు. అదంతా తెలిసిందే. ఈ రోజు రెండు వైపులా వినిపిస్తున్న మాటలు దాదాపు ఇలాగే కోర్టుకెక్కింది మాత్రం 1766లో మొదలైన ఒక చిన్న ఊరి గొడవ వల్ల. ఊరి పేరు ట్రెవ్‌డ్రైత్, వేల్స్ వాయవ్య తీరాన ఆంగ్లెసీ దీవిలో ఉంది. దాని కిందే లాన్‌గ్వివన్ అనే మరో చిన్న చర్చి ఉండేది. సముద్రం పోటెత్తితే దారి మునిగిపోయే చోట కట్టిన చర్చి అది.

ఆ దీవి చర్చిలను చూసే అప్పటి బాంగర్ బిషప్ జాన్ ఎగర్టన్ ఆ సంఘానికి పాస్టరుగా డాక్టర్ థామస్ బోల్స్ అనే ఇంగ్లిష్ ఆయన్ని వేశాడు. వయసు డెబ్బైకి అటూ ఇటూ. వెల్ష్ రాదు. సంఘంలో ఉన్నది దాదాపు 500 మంది, వాళ్లలో ఇంగ్లిష్ తెలిసినవాళ్లు ఐదుగురే. ఆదివారం ఆరాధనకు వచ్చి కూర్చుంటే ప్రార్థన అర్థం కాదు, ప్రసంగం అర్థం కాదు. చావు దగ్గర పడ్డవాడు మనసు విప్పి మాట్లాడుకుందామన్నా వీలు లేదు.

బిషప్ ఏరికోరి పగబట్టి ఈ పని చేశాడనుకోనక్కర్లేదు. ఆ రోజుల్లో వేల్స్‌లోని నాలుగు డయోసిస్‌ల (ఒక్కో బిషప్ కింద ఉండే చర్చి ప్రాంతాల) బిషప్‌లూ ఇంగ్లిష్ వాళ్లే. 1720ల చివర్నుంచి 1870 దాకా వెల్ష్ మాతృభాషగా ఉన్న బిషప్ ఒక్కడూ లేడు. వాళ్లు మనవాళ్లు అనుకున్నవాళ్లకు పదవులు ఇచ్చుకున్నారు. అలవాటుగా జరిగిపోయింది.

కొత్తగా మారింది జనం. కార్మార్దెన్‌షైర్‌లోని లాన్‌డౌరోర్‌లో గ్రిఫిత్ జోన్స్ అనే పాస్టరు 1730లలో సంచార బడులు మొదలుపెట్టాడు. పొలం పని తక్కువగా ఉండే చలికాలంలో ఒక ఊళ్లో మూడు నెలలు బడి నడిపి, తర్వాత ఇంకో ఊరికి. పిల్లలు, పెద్దలు, అందరికీ వెల్ష్‌లోనే చదవడం నేర్పడం. 1761లో ఆయన చనిపోయేనాటికి ఇలాంటి బడులు 3,300కు పైగా నడిచాయి. దేశం మొత్తం జనాభా ఐదు లక్షలకు మించని రోజుల్లో చదువుకున్నవాళ్లు లక్షన్నర దాటారు. చేతిలో సొంత భాష బైబిల్ ఉండి, అది చదవగలిగినవాడు, వేదిక మీద పాస్టరు చదివేది అర్థం కాకపోతే తన తప్పేమో అనుకోడు. ఈ కథలో అందరూ వదిలేసే కీలకం ఇదేనని నా అభిప్రాయం.

సంఘ పెద్దలు ఫిర్యాదు రాశారు. ఆరాధన జనానికి తెలిసిన భాషలో జరగాలని ఇంగ్లండ్ అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చి 39 విశ్వాస సూత్రాల్లో 24వది చెబుతుంది. వెల్ష్ బైబిల్ కోసం చేసిన 1563 చట్టం ఉంది, ప్రార్థన పుస్తకం వెల్ష్‌లోనూ ఉండాలన్న 1662 చట్టం ఉంది. మూడింటినీ చూపించారు. వెనక నిలబడింది లండన్‌లోని వెల్ష్ వాళ్ల సంఘం, కమ్రోడోరియన్. 1751లో దాన్ని పెట్టిన రిచర్డ్ మోరిస్ నౌకాదళం ఆఫీసులో గుమాస్తా, ఆంగ్లెసీ వాడే. వెల్ష్ బైబిల్ అచ్చుకు ప్రూఫులు దిద్దిన మనిషి. (మోరిస్ సోదరుల పారిష్‌లోనే పుట్టిన ఇంకొకాయన, π గుర్తును వాడుకలో పెట్టిన గణితజ్ఞుడు విలియం జోన్స్. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ స్థాపించిన సర్ విలియం జోన్స్ ఆయన కొడుకే.)

బోల్స్ వైపు వాదన రెండు ముక్కలు. ఒకటి, తాను వెల్ష్‌లో చదవగలనని. దానికి సాక్ష్యంగా ఒక సంఘ పెద్ద సంతకం పెట్టిన కాగితం చూపించాడు. పాస్టరుకు ఎదురు చెప్పే ధైర్యం లేక పెట్టిన సంతకం అది. రెండోది ఆయన లాయర్లు చెప్పింది: వేల్స్ జయించిన దేశం, అక్కడ ఇంగ్లిష్‌ను ప్రవేశపెట్టడమే సబబు, అది బిషప్‌ల బాధ్యత కూడా. మొదటి వాదన నిజమైతే రెండోదానితో పనేముంది?

కేసు కాంటర్‌బరీ ఆర్చిబిషప్ పరిధిలోని కోర్ట్ ఆఫ్ ఆర్చెస్‌కు వెళ్లింది. 1773లో జడ్జి జార్జ్ హే తీర్పు ఇచ్చాడు. వెల్ష్ సంఘానికి వెల్ష్ రాని పాస్టరును వేయకూడదు, నిజమే అన్నాడు. కానీ బిషప్ ఒకసారి పదవిలో కూర్చోబెట్టాక బోల్స్‌ను తీసేయడానికి చూపిన సాక్ష్యం చాలదన్నాడు. సూత్రం ఊరికి, కుర్చీ పాస్టరుకి. అదే ఏడాది నవంబరులో బోల్స్ పదవిలో ఉండగానే పోయాడు. తర్వాత వచ్చినాయనకు వెల్ష్ వచ్చు.

సూత్రం ఒప్పుకుని పని దగ్గర తప్పించుకునే ఈ పద్ధతి అక్కడితో ఆగలేదు. వెల్ష్ రాని కౌంటీ కోర్టు జడ్జిని వేశారని గొడవై, 1872లో పార్లమెంటు చర్చించింది. చివరికి తేలింది, వీలైనంత వరకు వెల్ష్ వచ్చినవాళ్లను వేయాలని. ఆ ‘వీలైనంత వరకు’ దగ్గరే ఈనాటి టెన్షన్ కూడా. 2011 చట్టం వెల్ష్‌కు అధికార హోదా ఇచ్చింది గానీ ఏ పోస్టుకు వెల్ష్ తప్పనిసరో ఎప్పటికప్పుడు తేల్చుకోవాల్సిందే.

భాష నిబంధన పెడితే పనితనం ఉన్నవాళ్లు దూరమవుతారన్న వాదనకు వస్తే, ఆ నిబంధన పట్టించుకోని రోజుల్లో దూరమైంది ఎవరో చూడండి: ఇదే ఆంగ్లెసీలో పుట్టిన గొరోన్వి ఓవెన్ ఆ శతాబ్దపు గొప్ప వెల్ష్ కవుల్లో ఒకడు, చదువుకున్న పాస్టరు. సొంత ఊరి చర్చిలో కొన్ని వారాలు మాత్రమే పనిచేశాడు. ఆ తర్వాత బాంగర్ డయోసిస్‌లో ఆయనకు చోటు దొరకలేదు. ఇంగ్లండ్‌లో చిన్నాచితకా కొలువులు చేసి, 1757లో భార్యాబిడ్డలతో వర్జీనియాకు ఓడెక్కాడు. దారిలో భార్య చనిపోయింది. ట్రెవ్‌డ్రైత్‌లో ఇంకా బోల్స్ ఉండగానే, 1769లో, ఓవెన్ వర్జీనియాలోనే కన్నుమూశాడు.