పడిశం కంటిగూటికి పాకినప్పుడు: కత్తి ఎప్పుడన్నదే చిక్కు

పడిశంతో ఉన్న పిల్లాడికి తెల్లారేసరికి ఒక కంటిరెప్ప ఎర్రగా ఉబ్బితే మన ఇళ్లలో ముందు కళ్లకలక అంటారు, కాదంటే పురుగు కుట్టిందంటారు. చాలాసార్లు అదే నిజం కూడా. కానీ కొన్నిసార్లు పడిశం సైనస్‌ల (ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులు) నుంచి కంటిగూటికి పాకిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు. రెండు కళ్ల నడుమ ఉండే ఎత్మాయిడ్ సైనస్‌లు పుట్టుకతోనే ఉంటాయి. వాటికీ కంటిగూటికీ అడ్డుగా ఉన్న ఎముక కాగితమంత పల్చన. అక్కడి సిరలకు కవాటాలుండవు కాబట్టి ఇన్‌ఫెక్షన్ ఎటైనా పాకగలదు.

యాంటీబయాటిక్స్ రాకముందు ఈ కంటిగూటి ఇన్‌ఫెక్షన్ ప్రాణాంతకం. ఆనాటి లెక్కల ప్రకారం దాదాపు అయిదుగురిలో ఒకరికి చూపు పోయేది, ఆరుగురిలో ఒకరు మెదడుపొరల వాపుతో చనిపోయేవారు. 1940లలో పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక ఆ భయం చాలావరకు తగ్గింది. తగ్గాక మొదలైందే అసలు వాదన: మందులతో ఎంతసేపు ఆగాలి, ఎప్పుడు కోయాలి?

1970లో అమెరికా వైద్యుడు జేమ్స్ చాండ్లర్ బృందం ఈ జబ్బును అయిదు రకాలుగా విడదీసింది: రెప్పవాపు, కంటిగూటి వాపు, ఎముక పొర కింద చీము, గూటి లోపలే చీముగడ్డ, చివరికి మెదడు అడుగున రక్తం గడ్డకట్టడం. ఇప్పటికీ కేస్‌షీట్లలో కనిపించేది ఇదే. నిజానికి ఇవి వరుసగా ఎక్కే మెట్లు కావు; మొదటిదైతే అసలు కంటిగూటి జబ్బే కాదని వాదించేవాళ్లున్నారు, నాకూ అదే సబబనిపిస్తుంది. పైగా ఆ విభజన చేసేనాటికి సీటీ స్కాన్ లేదు. దాన్ని రూపొందించిన ఇంజనీరు హౌన్స్‌ఫీల్డ్ యంత్రం లండన్‌లో తొలి రోగిని చూసింది 1971లో.

స్కాన్ వచ్చాక చీము కనిపించిందంటే ఆపరేషనే అన్న పద్ధతి కొన్నాళ్లు నడిచింది. దాన్ని కదిలించింది కంటి సర్జన్ జెరాల్డ్ హారిస్. తొమ్మిదేళ్లలోపు పిల్లల చీములో సాధారణంగా ఒకే రకం బ్యాక్టీరియా ఉంటుందని, పెద్దవాళ్లలోలా ఆక్సిజన్ లేకున్నా బతికే మొండి రకాలు కలిసి ఉండవని 1994లో చూపించాడు. అందుకే చూపు బాగుండి, చీము చిన్నదై, ముక్కువైపే ఉంటే, చిన్నపిల్లలకు ఆస్పత్రిలో ఉంచి నరానికి ఎక్కించే యాంటీబయాటిక్స్‌తో ముందు ప్రయత్నిస్తారు. చూపు, రంగుల గుర్తింపు, కనుపాప కదలిక మాత్రం పదేపదే పరీక్షిస్తూనే ఉండాలి.

టీకాలకు దక్కాల్సినంత పేరు దక్కలేదు. ఈ జబ్బుకు ఒకప్పటి ముఖ్య కారకుల్లో ఒకటైన హిబ్ (హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి) బ్యాక్టీరియా, టీకా వేసిన దేశాల్లో బాగా వెనకపడింది. మన దేశంలో ఆ టీకా, అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటావలెంట్‌లో భాగంగా 2011 డిసెంబరులో కేరళ, తమిళనాడుల్లో మొదలై తర్వాత మిగతా రాష్ట్రాలకు చేరింది. న్యుమోకాకస్ అనే మరో బ్యాక్టీరియాను అడ్డుకునే న్యుమోకాకల్ టీకా 2017లో కొన్నిచోట్ల మొదలై 2021లో దేశమంతటా వచ్చింది. హిబ్ ఖాళీ చేసిన చోట ఇప్పుడు స్ట్రెప్టోకోకస్, స్టాఫైలోకోకస్ రకాలు ముందుకొచ్చాయి. వాటిలో మామూలు మందులకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ కూడా ఉండటంతో, ఏ యాంటీబయాటిక్‌తో మొదలుపెట్టాలన్నది ఊరినిబట్టి, ఆస్పత్రినిబట్టి మారుతోంది.