‘ఫిక్స్’ పడకముందు రాయి పాతొద్దు

బెంగళూరులో ఇల్లు కట్టుకోవాలనుకునే మనవాళ్ల నోట ముందు వచ్చే మాట ‘థర్టీ ఫార్టీ సైటు’. 30 అడుగుల వెడల్పంటే తొమ్మిది మీటర్ల పైచిలుకు. ఫోన్ చూపించే చోటుకీ మనం నిలబడ్డ చోటుకీ నాలుగైదు మీటర్ల తేడా మామూలే. అంటే సగం సైటు అందులోనే పోయింది. సర్వే వాళ్లు పోల్ మీద బిగించి తెచ్చే రిసీవర్ మాత్రం సెంటీమీటర్లలో చెబుతుంది. రెండూ వినేది అవే ఉపగ్రహాలను. మరి తేడా ఎక్కడ?

జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి. వాటి సిగ్నల్ ఎంతసేపట్లో వచ్చిందో చూసి దూరం కడతాం. సెకనులో వంద కోట్లవ వంతు పొరబడినా 30 సెంటీమీటర్లు తప్పుతాం. ఫోన్ సాధారణంగా సిగ్నల్‌లోని కోడ్‌ను కొలుస్తుంది. అందులో ఒక్కో ముక్క పొడవు 300 మీటర్లకు దగ్గర. సర్వే రిసీవర్ ఆ కోడ్‌ను మోసుకొచ్చే తరంగాన్నే కొలుస్తుంది. జీపీఎస్ ప్రధాన ఫ్రీక్వెన్సీ అయిన ఎల్1 తరంగం పొడవు 19 సెంటీమీటర్లే. అందులో వందో వంతును పట్టుకోగలిగితే 2 మిల్లీమీటర్లు!

ఇక్కడే అసలు చిక్కు. ఇది గీతలు సన్నగా ఉన్నా అంకెలు లేని టేపు. ప్రతి అల కూడా పక్క అలలాగే ఉంటుంది కాబట్టి, ఉపగ్రహానికీ మనకూ మధ్య పూర్తి అలలు ఎన్నో రిసీవర్ లెక్కతో తేల్చుకోవాలి. ఆ సంఖ్య తేలితే తెర మీద ‘ఫిక్స్’, తేలకపోతే ‘ఫ్లోట్’. ఫ్లోట్‌లో తేడా జానెడు, మూరెడు కూడా ఉండొచ్చు. ఎండలో తొందరపడి ఫ్లోట్‌లోనే పాయింటు తీసేస్తే ఆ తప్పు గోడ లేచాక గానీ బయటపడదు. చెట్ల కింద, అద్దాల భవనాల పక్కన ఫిక్స్ కూడా అబద్ధం కావచ్చు. కాసేపు ఆగి, ఫిక్స్ వదిలించి, మళ్లీ తీసి చూడమని అడగడానికి మొహమాటపడకండి.

ఆ లెక్క తేలాలంటే కరెక్షన్, అంటే సిగ్నల్‌లోని తప్పులకు సవరణ కావాలి. ఆర్‌టీకే (రియల్ టైమ్ కైనమాటిక్) పద్ధతిలో, స్థానం ముందే తెలిసిన చోట ‘బేస్’ అనే రిసీవర్ పెడతారు. తన దగ్గరకొచ్చే సిగ్నళ్లలో తప్పెంతో దానికి తెలుసు. దగ్గర్లో మనం పట్టుకు తిరిగే రిసీవర్ ‘రోవర్’కూ దాదాపు అదే తప్పు కాబట్టి తీసేస్తే సరి. బేస్ పది కిలోమీటర్లు దూరమైతే ఇంకో సెంటీమీటరు కలుపుకోవాలి. బేస్‌ను ఊరికే ఎక్కడో నిలబెట్టి అంచనా కోఆర్డినేట్లు (స్థానాన్ని చెప్పే అంకెలు) ఇస్తే లేఅవుట్ మొత్తం ఒక్కలాగే పక్కకు జరుగుతుంది. లోపలి కొలతలు చక్కగా కుదురుతాయి కనుక ఎవరికీ అనుమానం రాదు. నాకు అన్నిటికన్నా భయం ఈ తప్పంటేనే. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల ‘కార్స్’ (ఎప్పుడూ పనిచేస్తుండే స్థిరమైన బేస్) స్టేషన్ల నుంచి మొబైల్ డేటా ద్వారా కరెక్షన్ తీసుకుంటే ఈ బెడద తప్పుతుంది.

మన దగ్గర్లో బేస్ అక్కర్లేని పద్ధతి పీపీపీ (ప్రిసైజ్ పాయింట్ పొజిషనింగ్). ఉపగ్రహాల కక్ష్యల, గడియారాల సవరణలు ఆకాశం నుంచే అందుతాయి. కాకపోతే కుదురుకోవడానికి అరగంట దాకా పట్టొచ్చు. జీపీఎస్ లాంటిదే అయిన యూరప్ వాళ్ల గెలీలియో 2023 జనవరి నుంచి ఇలాంటి సేవను ఉచితంగా ఇస్తోంది. దాని లక్ష్యం 20 సెంటీమీటర్లు. జీపీఎస్‌కు సవరణలు పంపే మన దేశపు వ్యవస్థ గగన్ నియంత్రణ కేంద్రం బెంగళూరు కుందలహళ్లిలోనే ఉంది, మనవాళ్లు వేలమంది రోజూ తిరిగే దారిలో. విమానాల భద్రత కోసం పెట్టిన గొప్ప వ్యవస్థ అది. కానీ మీటరు స్థాయి కాబట్టి హద్దురాళ్లకు పనికిరాదు.

రిసీవర్ కొనేవాళ్లు వెయ్యికి పైగా ఛానెళ్లు (సిగ్నళ్లను పట్టే దారులు) అన్న ప్రకటన చూసి మురిసిపోకుండా, ఎన్ని ఫ్రీక్వెన్సీలు వింటుందో అడగాలి. వాతావరణంలో పైనుండే విద్యుదావేశపు పొర అయనోస్ఫియర్ ఒక్కో ఫ్రీక్వెన్సీని ఒక్కోలా ఆలస్యం చేస్తుంది. రెంటినీ పోలిస్తే ఆ తప్పు చాలావరకు పోతుంది. అయస్కాంత భూమధ్యరేఖ దక్షిణ భారతం కొసమీదుగా పోతుంది కాబట్టి మనకు ఇది మరీ ముఖ్యం. మార్చి, సెప్టెంబర్ ప్రాంతాల్లో పొద్దుగుంకాక సిగ్నళ్లు మినుకుమినుకుమని ఫిక్స్ జారిపోవచ్చు. కొలతలు పగలే ముగించుకోవడం మేలు. పోల్ వంగినా సరిచేసే టిల్ట్ సెన్సర్ ఉంటే గోడ మూలల్లో పని సులువు.

ఇంకొకటి. మన నేల ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది. బెంగళూరు ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) ఆవరణలోని రిసీవర్ కొలతల్లోనూ ఇది కనిపించింది. పీపీపీ ఇవాళ్టి స్థానం చెబుతుంది. పదేళ్ల కిందటి అంకెలతో పోలిస్తే అదే రాయి అర మీటరు జరిగినట్టు కనిపిస్తుంది. అందుకే మీ సైటు కాగితంలో కోఆర్డినేట్ల పక్కన తేదీ, వాడిన కరెక్షన్ పేరు కూడా రాయించుకోండి.