ఆ డిసెంబరు దగ్గు కరోనాదేనా?

2019 డిసెంబరు 20న మా పెదనాన్న కొడుకు, మా అన్నయ్య, శాన్‌హోసే నుంచి హైదరాబాద్ వచ్చాడు. ఎయిర్‌పోర్ట్‌లోనే దగ్గుతున్నాడు. ఇంటికొచ్చాక రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు. వారం తిరక్కుండానే పెదనాన్నకు పట్టుకుంది. ఆస్పత్రిలో చేర్చాక న్యుమోనియా అన్నారు. కొత్త సంవత్సరం వచ్చిన ఐదో రోజు ఆయన పోయారు. డెబ్బై దాటిన మనిషి, పైగా షుగర్. అప్పుడు ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

అనుమానం మే నెలలో వచ్చింది. లాక్‌డౌన్‌లో ఒక రాత్రి అన్నయ్య ఫోన్ చేసి, "నాన్నకు నేనే తెచ్చి అంటించానేమోరా" అన్నాడు. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. అప్పటి నుంచి ఈ విషయం మీద దొరికినదల్లా చదువుతూ వచ్చాను. ఇలాంటి ప్రశ్న మోస్తున్న ఇళ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ మే నెలలోనే అనుమానం రావడానికి కారణం ఉంది. తొలి కేసులు, తొలి మరణాల గురించి అధికారులు అంతకుముందు చెప్పిన తేదీలు ఒక్కొక్కటీ వెనక్కి జరగడం ఆ రోజుల్లోనే మొదలైంది. అధికారిక లెక్క ప్రకారం అమెరికాలో తొలి కేసు 2020 జనవరి 20న వాషింగ్టన్ రాష్ట్రంలో తేలింది. భారత్‌లో జనవరి 30న, వూహాన్ నుంచి కేరళ తిరిగొచ్చిన వైద్య విద్యార్థినికి. తెలంగాణలో మార్చి 2న, ఆంధ్రలో మార్చి 12న నెల్లూరులో. ఈలోగా ఏప్రిల్ 21న కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ ఒక ప్రకటన చేసింది. ఫిబ్రవరి 6న ఇంట్లో చనిపోయిన ఒక మహిళ కరోనాతోనే పోయిందని, దాచి ఉంచిన కణజాలాన్ని పరీక్షిస్తే తేలిందని. శాన్‌హోసే ఉన్నది ఆ కౌంటీలోనే. అంతవరకు అమెరికాలో తొలి మరణం ఫిబ్రవరి చివరి రోజుల్లో జరిగిందనుకున్నారు.

మే మొదట్లో ఫ్రాన్స్ నుంచి ఇంకో వార్త వచ్చింది. పారిస్ శివారులోని ఒక ఆస్పత్రిలో 2019 డిసెంబరు 27న దగ్గు, జ్వరంతో చేరిన వ్యక్తి నుంచి తీసిన నమూనా ఫ్రీజర్‌లో ఉండిపోయింది. డాక్టర్ ఈవ్ కోయెన్ బృందం దాన్ని తీసి మళ్లీ పరీక్షిస్తే పాజిటివ్ వచ్చింది. ఆయన చైనా వెళ్లిన మనిషి కాదు. వూహాన్‌లో వింత న్యుమోనియా ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలిసింది డిసెంబరు 31న. అంటే దానికి నాలుగు రోజుల ముందే పారిస్ పక్కన ఒక రోగి ఉన్నాడన్నమాట.

జూన్‌లో వార్త మన ఊరి నుంచే వచ్చింది. భారత్‌లో తిరుగుతున్న వైరస్‌ల ఉమ్మడి పూర్వీకుడు 2019 నవంబరు 26కీ డిసెంబరు 25కీ మధ్య, సగటున డిసెంబరు 11న పుట్టిందని హైదరాబాద్‌లో జీవకణాలు, జన్యువుల మీద పరిశోధన చేసే సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అంచనా వేశారు. దాన్ని చాలామంది "నవంబరు, డిసెంబరుకే తెలంగాణలో కరోనా ఉంది" అని చదువుకున్నారు. అన్నయ్య నాకు పంపిన లింకుల్లో అదొకటి.

ఆ వార్తను అర్థం చేసుకోవాల్సిన తీరు వేరు. ఒక ఇంటి అన్నదమ్ముల పిల్లలు ఇద్దరు ఇవాళ హైదరాబాద్‌లో ఉన్నారనుకోండి. వాళ్ల తాత ఫలానా సంవత్సరంలో పుట్టాడని లెక్క కట్టొచ్చు. అంతమాత్రాన ఆ తాత హైదరాబాద్‌లో పుట్టినట్టు కాదు, ఆయన పుట్టింది పల్లెలో అయ్యుండొచ్చు. ఆ డిసెంబరు 11 నాటి "తాత" ఉన్నది వూహాన్‌లో. అదే సీసీఎంబీ, మన దేశంలో ఎక్కువగా వ్యాపించిన ఒక ప్రత్యేక శాఖను కూడా గుర్తించింది. దానికి ఏ3ఐ అని పేరు పెట్టారు. దాని మూలం 2020 జనవరి 17కీ ఫిబ్రవరి 25కీ మధ్య ఉంటుందని తేల్చింది. ఈ రెండో అంచనాకు మొదటిదానికి వచ్చినంత ప్రచారం రాలేదు. వచ్చి ఉంటే ఎన్ని ఇళ్లలో టెన్షన్ తగ్గేదో.

అన్నయ్యను బాగా కుంగదీసింది మాత్రం 2020 డిసెంబరు 1 నాటి వార్త. అమెరికాలో రెడ్‌క్రాస్ దగ్గరున్న 7,389 మంది రక్తదాతల నమూనాలను అక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పరిశీలించింది. 2019 డిసెంబరు 13కీ 2020 జనవరి 17కీ మధ్య ఇచ్చిన రక్తం అది. 106 మందిలో కరోనాకు స్పందించే యాంటీబాడీలు, అంటే జబ్బుతో పోరాడటానికి ఒళ్లు తయారు చేసుకునే ప్రొటీన్లు, కనిపించాయి. వాటిలో 39 నమూనాలు కాలిఫోర్నియా, ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాలవి, డిసెంబరు 13–16 మధ్య తీసినవి. అన్నయ్య విమానం ఎక్కడానికి కొద్ది రోజుల ముందు. ఇంకేం రుజువు కావాలి అన్నాడు.

ఇక్కడ కాస్త ఆగి లెక్క చూడాలి. నూటికి తొంభై తొమ్మిది సార్లు సరిగ్గా "లేదు" అని చెప్పే పరీక్షే తీసుకుందాం. అసలు జబ్బే లేని ఊళ్లో వెయ్యి మందికి ఆ పరీక్ష చేస్తే పది మందికి పాజిటివ్ వస్తుంది. ఆ పదీ తప్పుడువే. ఊరంతా జబ్బు ఉన్నప్పుడు ఈ తప్పు పెద్దగా కనిపించదు. జబ్బు ఇంకా రానప్పుడు, లేదా అప్పుడే అడుగుపెడుతున్నప్పుడు, వచ్చిన పాజిటివ్‌లలో ఎక్కువ భాగం ఇలాంటివే అవుతాయి. మామూలు జలుబు తెచ్చే కరోనా వైరస్‌లు నాలుగు రకాలు ఎప్పటి నుంచో మన మధ్య తిరుగుతున్నాయి. వాటి మీద పుట్టిన యాంటీబాడీలు కొత్త వైరస్ పరీక్షలో కూడా అంటుకోవచ్చు. రక్తదాతల అధ్యయనం చేసినవాళ్లు ఈ సంగతి తెలిసి అదనపు పరీక్షలు చేశారు. అయినా 7,389లో 106 అంటే నూటికి ఒకటిన్నర కూడా లేదు. ఆ అంకె ఒక్కదాని మీద ఒక తండ్రి చావుకు కొడుకును బాధ్యుణ్ని చేయలేం.

ఒకటికి రెండు వేర్వేరు పరీక్షల్లో తేలితేనే పాజిటివ్ అనే నియమం పెట్టుకున్న అధ్యయనం కూడా అమెరికాలోనే జరిగింది. 'ఆల్ ఆఫ్ అజ్' అనే జాతీయ ఆరోగ్య పరిశోధనలో భాగంగా 2020 జనవరి 2 నుంచి మార్చి 18 వరకు తీసిన 24,079 మంది రక్తాన్ని చూశారు. తేలింది తొమ్మిది. వాటిలో అన్నిటికంటే ముందుది జనవరి 7న ఇలినాయ్‌లో తీసింది. అంటే అధికారిక తొలి కేసుకు ముందే అమెరికాలో వైరస్ అక్కడక్కడా ఉందన్నమాట నిజమే. ఊళ్లు ఊళ్లే దగ్గేంతగా మాత్రం లేదు.

యాంటీబాడీలకంటే గట్టి సాక్ష్యం ముక్కు, గొంతు నమూనాలది. వాటిలో దొరికేది వైరస్సే. అన్నయ్య ఉండే ప్రాంతంలోనే స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2020 జనవరి 1 నుంచి ఫిబ్రవరి 26 వరకు వేరే జబ్బుల కోసం తీసిన 2,888 నమూనాలను తర్వాత కరోనా కోసం పరీక్షించారు. రెండే పాజిటివ్. రెండూ ఫిబ్రవరి 21, ఆ తర్వాతవి. సియాటిల్ ఫ్లూ అధ్యయనం వాళ్లు దాచిన వేలాది జనవరి నమూనాల్లో ఒక్కటీ దొరకలేదు. జనవరిలోనే కనిపించనిది, డిసెంబరు మూడో వారంలో శాన్‌హోసేలో మా అన్నయ్యకు అంటడం చాలా అరుదైన సంగతి అయ్యుండాలి.

మన దేశంలోనూ ఇలాంటి వెనకచూపు ఒకటి ఉంది. తీవ్రమైన శ్వాస ఇబ్బందితో ఆస్పత్రుల్లో చేరినవాళ్లను భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పరీక్షించింది. ఫిబ్రవరి 15 నుంచి మార్చి 19 మధ్య నమూనాల్లో 965కి రెండే పాజిటివ్. ఏప్రిల్ 2 నాటికి మొత్తం 5,911 మందిలో 104. అంటే మార్చి రెండో సగంలో పెరుగుతోంది. అంతకుముందు దాదాపు లేదు.

ఆ వైరస్ నడక కూడా ఇదే చెబుతుంది. ఇటలీలోని కొదోన్యో అనే చిన్న ఊళ్లో స్థానికంగా సోకిన మొదటి రోగిని గుర్తించింది 2020 ఫిబ్రవరి 20 రాత్రి. మార్చి 18కి బెర్గామోలో శవపేటికలు మోయడానికి సైన్యం ట్రక్కులు వచ్చాయి. నవంబరు నుంచీ హైదరాబాద్‌లో వైరస్ విస్తారంగా తిరిగి ఉంటే జనవరి ఆఖరుకే మన ఆస్పత్రుల్లో మంచాలు నిండేవి. మరి పారిస్ రోగి సంగతి? సోకినవాళ్లలో చాలామంది ఎవరికీ అంటించరు, కొద్దిమంది మాత్రం చాలామందికి అంటిస్తారు. అందుకే మొదట ఎగిరిన నిప్పురవ్వలు చాలావరకు వాటంతటవే ఆరిపోయి ఉంటాయి. అలాంటి రవ్వ ఒకటి మా ఇంట్లో పడి ఉండదని నేను ఒట్టు వేయలేను.

మరి ఆ దగ్గు ఏమిటి? ఆ ఏడాది అమెరికాలో ఫ్లూ ముందే మొదలైంది, గట్టిగా వచ్చింది. మామూలుగా సీజన్ చివర్లో కనిపించే ఇన్‌ఫ్లుయెంజా బి, ఆ డిసెంబరులో ముందు వరసలో ఉంది. వెనకే హెచ్1ఎన్1 వచ్చింది. మన దగ్గర కూడా ఫ్లూ వానాకాలంలో ఒకసారి, జనవరి–మార్చి మధ్య ఇంకోసారి వస్తుంది. కానీ ఇక్కడ ఫ్లూ టెస్ట్ చేయించుకునేది ఎవరు? "వైరల్ ఫీవర్" అంటారు, పారాసిటమాల్, ఒక యాంటీబయాటిక్ రాస్తారు, అయిపోతుంది. జబ్బుకు పేరు పెట్టకుండా వదిలేసిన చోటనే తర్వాత కరోనా పేరు వచ్చి కూర్చుంది. డెబ్బై దాటిన షుగర్ మనిషిని ఫ్లూ కూడా తీసుకుపోగలదని మన ఇళ్లలో ఎవరూ అనుకోరు.

ఇప్పుడు పరీక్ష చేయించుకుని తెలుసుకోవచ్చా అని అన్నయ్య 2022లో అడిగాడు. కుదరదు. అప్పటి యాంటీబాడీలు మిగిలి ఉన్నా, తర్వాత వచ్చిన ఇన్‌ఫెక్షన్లవి, టీకాలవి వాటిని కప్పేశాయి. కోవిషీల్డ్ తీసుకున్నవాళ్లలో వైరస్ కొమ్ము (స్పైక్) ప్రొటీన్‌కు మాత్రమే యాంటీబాడీలు వస్తాయి కాబట్టి ఎప్పుడో ఒకసారి జబ్బు సోకిందా లేదా అన్నదైనా వేరుచేయొచ్చు. మన జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్ చంపిన వైరస్ మొత్తంతో చేసింది, దాంతో అదీ కష్టం. ఏదైనా తెలియాలంటే పెదనాన్న గొంతులోంచి ఆనాడు తీసిన నమూనా ఉండాలి. ఆస్పత్రిలో అడిగాం. ఆయన ఎక్స్‌రే తప్ప ఏమీ లేదన్నారు. పారిస్ ఆస్పత్రి ఫ్రీజర్‌లో దాచినట్టు మన పెద్దాసుపత్రుల్లో న్యుమోనియా రోగుల నమూనాలు కొన్నేళ్లు దాచి ఉంచే ఏర్పాటు ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. శాంటా క్లారాలో ఆ కుటుంబానికి రెండున్నర నెలల్లో జవాబు దొరికింది.

పోయినేడు పెదనాన్న తద్దినానికి అన్నయ్య వచ్చాడు. మేడ మీద కూర్చుని ఇదంతా వరసగా చెప్పాను. చివరికి, "అంటే ఫ్లూ అయినా నేనే తెచ్చి ఉంటాను కదరా" అన్నాడు. అయ్యుండొచ్చన్నాను. ఆ వారం ఇంటికి మనవలొచ్చారు, చుట్టాలొచ్చారు, పెదనాన్న రోజూ పొద్దున్నే రైతుబజారుకు వెళ్లారు, ఎవరి దగ్గర్నుంచైనా వచ్చి ఉండొచ్చని కూడా చెప్పాను. అన్నయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కింద నుంచి పెద్దమ్మ భోజనానికి పిలిస్తే లేచాం.